ఆమె పేరు మీద ఒక రోగం

శుక్రవారం ఉదయం తొమ్మిదీ పదికి మెరుపు నా బల్ల మీదికి ఒక ఫైలు విసిరాడు.

"చదివి సంతకం పెట్టు. ఒంటిగంటకి పైకి పంపాలి."

మెరుపు మా ఇన్‌స్పెక్టర్. ఏ కేసునూ మూడు రోజులకు మించి నిలవ ఉంచడు కాబట్టి పై అధికారులు ముద్దుగా పెట్టిన పేరు అది. అతనూ నేనూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరాం. ఒకే మైదానంలో పరుగులు తీశాం. అప్పట్లో నేనే ముందుండేదాన్ని. ఇప్పుడు అతనిది అద్దాల గది, నాది జెరాక్స్ మిషను పక్కన బల్ల. నాకు పెట్టిన పేరు నత్త. అది ముద్దుగా పెట్టింది కాదు. దాచడం దేనికి, అతన్ని చూస్తే నాకు కడుపు మంట. అతను నవ్వితే మంట, అతను ఫోనెత్తగానే అవతలివాళ్ళు లేచి నిలబడతారంటే మంట, చివరికి అతని చొక్కా నలగకపోయినా మంటే.

ఫైలు కొత్తదేం కాదు. చనిపోయినామెకు ముప్పై ఆరేళ్ళు. కర్టెన్లు కుట్టే దుకాణంలో గుడ్డ కత్తిరించే పని. భర్త మెట్రో రైలు డ్రైవరు. ఇంట్లో మూడో మనిషి భర్తకి అక్క, పెళ్ళి చేసుకోలేదు. మంగళవారం దుకాణానికి సెలవు. ఆ మధ్యాహ్నం మూడూ యాభై అయిదుకి భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె మంచం మీద చల్లబడి ఉంది. పక్కన మూడు ఖాళీ మాత్రల అట్టలు, ఒక కాఫీ కప్పు. కప్పు అడుగున తెల్లటి మడ్డి. ప్రాణం పోయింది పదకొండుకీ ఒంటిగంటకీ మధ్యలో.

"ఆత్మహత్య అని రాశావు," అన్నాను.

"మరేం రాయాలి? ఆడమనిషి. నాలుగేళ్ళుగా మానసిక వైద్యం. బీరువా నిండా మందుల చీటీలు. సోమవారం కొన్న నెల మాత్రలు మంగళవారానికి ఖాళీ. ముంజేతి కంకణానికి అద్దమెందుకు?"

"చావాలనుకున్న మనిషి మాత్రలు మెత్తగా దంచి కాఫీలో కలుపుకుంటుందా? నీళ్ళు పోసుకుని మింగేస్తుంది."

"కొందరికి మాత్ర గొంతు దిగదు."

"నాలుగేళ్ళుగా రోజూ మింగుతున్న మనిషికా?"

మెరుపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించలేదు. "నీకీ కేసు మీద ఇంత పట్టుదల ఎందుకో నాకు తెలుసులే. మూడేళ్ళ కిందట నువ్వు మూడు నెలలు సెలవు పెట్టావు. కారణం నీ ఫైల్లో ఉంది. ఆ జబ్బు వాళ్ళంటే నీకు జాలి. తప్పు కాదు. కానీ జాలి సాక్ష్యం కాదు కదా!"

జెరాక్స్ మిషను దగ్గర ఇద్దరు చూపు తిప్పుకున్నారు.

అమ్మ పోయిన ఏడాది నాకు నిద్ర పోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను, మాత్రలు మింగాను, సెలవు చీటీలో ఉన్నది ఉన్నట్టు రాశాను. ప్రమోషన్ల జాబితాలోంచి నా పేరు నిశ్శబ్దంగా జారిపోయింది. అదే ఏడాది ఇతను తాగి జీపును గోడకి గుద్దాడు. పని ఒత్తిడి అన్నారు, ఒక డ్రైవర్ని ఇచ్చారు. నేను మింగినదానికి జబ్బని పేరు, అతను తాగినదానికి అలసటని పేరు.

"ఒంటిగంట దాకా టైముంది కదా," అని లేచాను.

"నత్తకి ఒంటిగంట సరిపోతుందా?"

రెండు కాయితాలు తీసుకుని బయటికి నడిచాను.

* * *

ఆ కాయితాల కథ ఇది. ఒకటి చనిపోయినామె చేతిసంచిలో దొరికింది. రెండు నెలల కిందట ఆమె పనిచేసే దుకాణంలో రక్తదాన శిబిరం జరిగింది. ఈమె కూడా వెళితే వెనక్కి పంపేశారు. చిన్న కార్డు మీద "హిమోగ్లోబిన్ 9.4, రక్తం తీసుకోలేదు, ఐరన్ వాడాలి" అని రాసి ఉంది. రెండోది మానసిక వైద్యురాలి క్లినిక్కు నుంచి నిన్న తెప్పించిన రిపోర్టు. ఆమె వాడే మందుకి మూడు నెలలకోసారి రక్తం పరీక్ష చెయ్యాలి. చివరి పరీక్ష కూడా అదే నెలలో, రక్తదాన శిబిరానికి ఆరు రోజుల ముందు జరిగింది. అందులో హిమోగ్లోబిన్ 16.1.

తొమ్మిదీ యాభైకి ఆ రెండూ డాక్టరమ్మ ముందు పక్కపక్కన పెట్టాను. అరవై దాటిన మనిషి. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఒకే మనిషికి ఆరు రోజుల్లో ఇంత పడిపోతుందా డాక్టర్?"

"ఒంట్లో రక్తం బాగా కారిపోతే తప్ప పడదు. పైగా ఈ పదహారు..." ఆవిడ వెనకటి రిపోర్టులన్నీ కంప్యూటర్లో తెరిచింది. పదహారు. పదిహేనున్నర. పదహారు పాయింట్ మూడు. ప్రతిసారీ పక్కన 'ఎక్కువ' అని గుర్తు. "ఆడవాళ్ళకి ఉండాల్సిన అంకెతో పోల్చి యంత్రం ఆ గుర్తు పెడుతోంది. మగవాడికైతే ఇది మామూలు అంకె. నేను మందు మోతాదు, కిడ్నీలు, థైరాయిడ్ చూస్తాను. ఈ గడి మీద నా కన్నే పడలేదు. పడాల్సింది."

"రక్తం తీసిన టైము చూడండి."

ఆవిడ గట్టిగా చదివింది. "అయిదూ పన్నెండు. అయిదూ ఇరవై. అయిదూ పదిహేను. అన్నీ తెల్లవారుజామునే."

"ల్యాబు చిరునామా?"

"మెట్రో డిపో ఎదురుగా."

కర్టెన్ల దుకాణం తెరిచేది తొమ్మిదికి, అదీ ఊరికి ఆ కొసన. డిపోలో మొదటి షిఫ్టు అయిదూ నలభై అయిదుకి మొదలవుతుంది. అక్కడినుంచే ల్యాబుకి ఫోన్ చేశాను. పగలబడి నవ్వబోయి ఆపుకున్న గొంతు ఒకటి పలికింది. "మాకు చీటీ మీద నంబరే మేడమ్. ఆ టైముకొచ్చేది డిపో మగవాళ్ళే. నిద్రకళ్ళతో సూది గుచ్చేవాణ్ణి, పేరు ఆడదా మగదా అని చూస్తానా?"

ఫోన్ పెట్టేశాను. "డాక్టర్, ఆమె మీ దగ్గర చెప్పుకున్న బాధలేమిటి?"

డాక్టరమ్మ మొదటి రోజు రాసుకున్న కాయితం తీసింది. "'నాలుగు రోజులు నిద్ర అక్కర్లేదు, ఒళ్ళంతా జ్వాలగా ఉంటుంది, ప్రపంచం నాదే అనిపిస్తుంది. తరవాత నెలంతా మంచం దిగబుద్ధి కాదు. బ్రేకు మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి నాది కాదనిపిస్తుంది.' స్కూటరు నడుపుతుందేమో అనుకున్నాను."

"ఆమెకి సైకిలు కూడా రాదు."

రైలు నడిపేవాడు ఈ మాత్రలు మింగుతున్నాడని తెలిస్తే మర్నాడే బండి దింపేస్తారు. పైగా మగవాడు, నలుగురిలో తలెత్తుకు తిరగాలి. అందుకని భార్య అతని రోగాన్ని తన పేరు మీద రాయించుకుంది. అతని మాటలు బట్టీ పట్టి ఇక్కడికొచ్చి అప్పజెప్పింది. ఆడదానికి మనసు బాగాలేదంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరని ఆమెకి తెలుసు.

"నా గది బయట కుర్చీలు చూశారా?" అంది డాక్టరమ్మ. "ఎక్కువమంది ఆడవాళ్ళే. మగవాళ్ళకి రాదని కాదమ్మా, వాళ్ళు రారు. తాగుతారు, అరుస్తారు, లేదంటే ఒకరోజు ఏకంగా పోలీసులే కబురు తెస్తారు. కానీ ఇలా భార్యని పంపి మందు తెప్పించుకోవడం మాత్రం నాకు కొత్త."

"ఆమె ఎప్పుడైనా తన సంగతి చెప్పిందా?"

"కిందటి నెల. వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగింది. 'డాక్టరుగారూ, ఈసారి నా గురించి ఒక్క మాట చెప్పనా?' అంది. ఇన్నాళ్ళూ ఎవరి గురించి చెప్పావమ్మా అని నవ్వాను." డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "'మా వదినకి నేనంటే పడదు. మేం గది తలుపేసుకుంటే బయటే ఉంటుంది. అడుగు చప్పుడు కూడా రాదు, తలుపు కింద నీడ మాత్రం కనిపిస్తుంది. నాకు భయంగా ఉంది' అంది. నేనేం చేశానో తెలుసా? రోగం ముదిరి లేనిపోని అనుమానాలు వస్తున్నాయనుకున్నాను. రాత్రి వేసుకునే మాత్ర ఇంకొకటి కలిపాను."

ఆవిడ ఆ మాట తనకి తనే చెప్పుకుంటున్నట్టు చెప్పింది. నేను లేచాను.

* * *

పదీ యాభైకి ఆ ఇంటి గంట నొక్కాను. నాతో మా పెద్దక్క ఉంది. పెద్దక్క అంటే మా స్టేషన్లో అందరికంటే సీనియర్ మహిళా కానిస్టేబుల్. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ రాసుకుంటుంది.

తలుపు తీసిన ఆడపడుచుకి యాభై నాలుగేళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళు అద్దినట్టున్నాయి. "మళ్ళీ ఏంటమ్మా? అంతా అయిపోయిందని మొన్న ఇన్‌స్పెక్టరు గారు చెప్పారుగా. ఎంత మర్యాదస్తుడు!"

ఇక్కడ కూడా అతనే. లోపలికి నడిచాను.

హాల్లో సోఫా, టీవీ. టీవీకి వీపు పెట్టి, పడకగది తలుపుకి ఎదురుగా ఒక పొట్టి పీట.

"ఈ పీట ఎవరిదమ్మా?"

"నాదే. కూరగాయలు తరుక్కుంటాను."

"ఇక్కడ చీకటి కదా. వంటింట్లో కిటికీ ఉంది, వెలుతురుంది."

"అలవాటు."

పడకగదిలో మంచం, బీరువా, మందుల డబ్బా పెట్టిన చోట దుమ్ము లేని చదరం. డబ్బా స్టేషన్లో ఉంది. కొత్తగా చూడాల్సిందేమీ లేదు. వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ కొంచెం సేపు ఊరికే నిలబడ్డాను. పొయ్యి చుట్టూ నూనె మరకలు. సింకులో నిన్నటి గిన్నెలు. డబ్బాల మూతల మీద పిండి. మూడు రోజుల కిందట శవం లేచిన ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఒక్క వస్తువు మాత్రం అరమీద బంగారంలా మెరుస్తోంది. మిరియాలు దంచుకునే చిన్న ఇత్తడి రోలు.

వాసన చూశాను. మిరియాల వాసన లేదు, వెల్లుల్లి వాసన లేదు. చింతపండు పులుపు వాసన.

"ఎప్పుడు తోమారమ్మా దీన్ని?"

"రోజూ తోముతాను."

"గిన్నెలు నిన్నటివి. ఇదొక్కటే రోజూనా?"

రోకలి తలకిందులు చేశాను. పిడికీ గుండుకీ మధ్య సన్నటి గాడి. అందులో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. పెద్దక్క కవరు తెరిచి పట్టుకుంది.

"కూర్చోండమ్మా. మంగళవారం మీరు కంటి ఆసుపత్రికి వెళ్ళారు. ఎన్నింటికి బయల్దేరారు?"

"చెప్పానుగా, పదింటికి. అది మాత్ర వేసుకుని పడుకుంది. రోజూ పదింటికి వేసుకునేది. నా కళ్ళతో చూసేదాన్ని."

"రోజూ తొమ్మిదికల్లా దుకాణంలో ఉండేది కదా. పదింటికి మీ కళ్ళకి ఎలా కనిపించేది?"

"అంటే... సెలవు రోజుల్లో."

"ఆసుపత్రి ఇక్కడికి ఇరవై నిమిషాల నడక. మీ టోకెన్ మీద పదకొండూ నలభై ఎనిమిది అని ముద్ర ఉంది. మా ఇన్‌స్పెక్టరు తేదీ చూశాడు, టైము చూడలేదు. పదింటికి బయల్దేరిన మనిషి మిగతా గంటన్నరా ఎక్కడుంది?"

"కళ్ళు సరిగ్గా కనపడక దారిలో కూర్చున్నాను. ఏంటమ్మా ఇది? పిచ్చిది చస్తే నన్ను నిలదీస్తారా?" ఆవిడ గొంతు లేచింది. ఒకసారి లేచాక ఆగలేదు. "వాడికి తొమ్మిదేళ్ళున్నప్పుడు వాడి చెయ్యి నా చేతిలో పెట్టి మా అమ్మ పోయింది. నాకొచ్చిన రెండు సంబంధాలూ వాడి కోసమే వద్దన్నాను. వాడు నా చేతి ముద్ద తప్ప తినేవాడు కాదు. అది వచ్చింది, ఆ తలుపు పడింది! పగలు లేదు రాత్రి లేదు. డ్యూటీ దిగి రాగానే 'అక్కా' అని కూడా అనకుండా నేరుగా లోపలికే. గంటలు గంటలు. మాటలు వినపడవు. ఒక్కోసారి వాడు ఏడ్చినట్టుండేది. మగాడు ఏడుస్తాడా ఎక్కడైనా? దాని పిచ్చి వాడికి ఎక్కిస్తోంది. నా బిడ్డలాంటివాడు, నేను బయట పీట మీద కూర్చుని వాడి ఏడుపు వినాలి. వాడి కళ్ళు తుడవడానికి అదుండాలి!"

ఆ కళ్ళలో మంట నాకు కొత్త కాదు. అద్దాల గది వైపు చూసేటప్పుడు నా కళ్ళు కూడా ఇలాగే ఉంటాయేమో.

"అమ్మా, ఒక సంగతి చెబుతాను, నిదానంగా వినండి. మీ మరదలికి ఏ జబ్బూ లేదు. ఆ మాత్రలు ఆమెవి కావు. మీ తమ్ముడివి."

"అబద్ధం."

"నాలుగేళ్ళుగా. ఉద్యోగం పోతుందని ఆమె తన పేరు మీద తెచ్చి ఇచ్చేది. అతను పిల్లాడిలా ఏడ్చే రోజుల్లో తలుపేసి కూర్చోబెట్టుకునేది, మీకు తెలిస్తే తట్టుకోలేరని. ఆ పరీక్షల్లో ఉన్నది మగవాడి రక్తం."

"నా తమ్ముడికి పిచ్చేంటి? వాడు బంగారం. రైలు నడుపుతాడు వాడు!"

"పిచ్చి కాదు, జబ్బు. మాత్ర వేసుకుంటే ఎవరికీ తెలియనంత బాగుంటాడు. వేసుకోకపోతేనే కష్టం. మంగళవారం నుంచి వేసుకోలేదు."

ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో బిగుసుకున్నాయి. మొహంలో రంగు ఒక్కో పొరగా దిగిపోయింది. తనకేమవుతుందన్న ధ్యాసే లేదు.

"వేసుకోకపోతే ఏమవుతుంది?"

"చెప్పలేం. ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు."

"ఒక్కటైనా మిగల్చలేదే..." అంది ఆవిడ నేల వైపు చూస్తూ. "ముప్పయ్యీ దంచేశానే. వాడికి ఒక్కటైనా మిగల్చలేదే తల్లీ. చేదు తెలియకుండా కాఫీ చిక్కగా పెట్టి, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. 'వదినా, ఈవేళ ఏంటి విశేషం' అని నవ్వుతూ తాగింది."

పెద్దక్క పెన్ను ఆగింది. తరవాత మళ్ళీ కదిలింది.

"మీ తమ్ముడేడి?"

"డ్యూటీకి వెళ్ళాడు." ఆవిడ తలెత్తింది. "మూడు రాత్రులు కన్ను మూయలేదు. ఇంట్లో ఉండలేనక్కా అన్నాడు. పదింపావుకి వెళ్ళాడు. నువ్వు పోలీసువి కదా, వాణ్ణి ఆపు. నన్నేమైనా చేసుకో, వాణ్ణి ఆపు!"

గడియారం పదకొండూ ఇరవై ఎనిమిది. అతని నంబరుకి ఫోన్ చేశాను. పడకగదిలో మంచం మీదే మోగింది. డిపో ఆఫీసుకి చేస్తే ఒక యంత్రం పాట వినిపించింది. మెట్రో కంట్రోలు రూముతో నేరుగా మాట్లాడగలిగే మనిషి మా స్టేషన్లో ఒక్కడే, మెరుపు.

వేలు ఆ పేరు మీద అరనిమిషం ఆగింది. నా కడుపు మంటకి అరనిమిషం ఖర్చు పెట్టాను. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"సార్," అన్నాను. అతన్ని సార్ అనడం అదే మొదలు. "ఇది హత్య. ఆడపడుచు ఒప్పుకుంది, పెద్దక్క రాసుకుంది. అది తరవాత. భర్త మూడు రోజులుగా మందు లేకుండా, నిద్ర లేకుండా ఉన్నాడు. ఇప్పుడు డ్యూటీకెక్కాడు. బండి ఆపించాలి."

మెరుపు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వెక్కిరింత లేదు. "ఫోన్ పెట్టకు," అన్నాడు. అవతల అతని బూట్ల చప్పుడు, ఇంకో ఫోన్లో అతని గొంతు, ఎవరో ఎవరినో పిలవడం. రెండే నిమిషాలు. ఆ పని నాకైతే అరగంట పట్టేది. ఆ క్షణంలో కూడా అతన్ని చూసి అసూయపడ్డానంటే నమ్మండి.

"పదకొండూ ఇరవై అయిదు బండి," అన్నాడు మెరుపు. "ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. డ్రైవరు తలుపులు తెరిచి ఉంచేశాడట, ఎంత పిలిచినా వెయ్యట్లేదు. నేను బయల్దేరా. నువ్వూ రా."

* * *

పన్నెండూ పదికి డిపోలో డ్రైవర్లు కాసేపు నడుం వాల్చే గదిలోకి వెళ్ళాను. ఇనప మంచం, ఒక ఫ్యాను. మంచం అంచున యూనిఫాంలో ఒక పొడుగాటి మనిషి కూర్చుని ఉన్నాడు. నలభై ఒక్కేళ్ళు. మెరుపు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"బండి మేం ఆపలేదు," అన్నాడు నాతో, మెల్లగా. "అతనే ఆపుకున్నాడు. కంట్రోలు రూముకి మైకులో చెప్పాడట. 'నాకు జబ్బుంది. మూడు రోజులుగా మందు లేదు. ఈ జనాన్ని నా చేతిలో పెట్టకండి' అని. ఆ లైనులో ఉన్న డ్రైవర్లందరూ విన్నారు."

నాలుగేళ్ళు ఒక ఆడమనిషి తన పేరు అడ్డం పెట్టి దాచిన మాట అది. నేను మంచం ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"మీ అక్క ఒప్పుకుంది."

అతను ఉలిక్కిపడలేదు. తలూపాడు, అంతే. చొక్కా మొదటి గుండీ దాకా పెట్టుకుని ఉంది. ఆ మెడ పక్కన నరం ఒకటి కొట్టుకుంటోంది.

"మీకు ముందే తెలుసు కదా?" అన్నాను.

"మంగళవారం గదిలో అడుగు పెట్టగానే తెలిసింది. మీ ఇన్‌స్పెక్టరు గారు మాత్రల అట్టలు చూసి ఆత్మహత్య అన్నారు. నేను అవే అట్టలు చూసి హత్య అనుకున్నాను. మా ఆవిడ వాటిని ఎప్పుడూ నోట్లో పెట్టుకోలేదు. అవి నావి. ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే. ఆవిడకి జబ్బని నమ్మిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే."

మెరుపు కిటికీ వైపు తిరిగాడు.

"మరి మూడు రోజులు ఎందుకు నోరు మెదపలేదు?"

"ఏమని చెప్పను మేడమ్? అక్కని పట్టివ్వాలంటే నా జబ్బు చెప్పాలి. జబ్బు చెప్పాలంటే మా ఆవిడ నాలుగేళ్ళు ఆడిన అబద్ధం చెప్పాలి. నా సిగ్గు కోసం ఆమె పిచ్చిదనిపించుకుంది. దుకాణంలో వెనక నవ్వేవారట, వచ్చి నాకు చెప్పి తనూ నవ్వేది. 'నాకేం, పోయేదేముంది' అనేది." అతను అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "అక్క మా ఆవిణ్ణి చూసి కుళ్ళుకునేది. నిజం చెబితే నవ్వుతారు, నేనూ కుళ్ళుకునేవాణ్ణి. ఆ డాక్టరమ్మని చూసి. నెలకోసారి నా బాధంతా అక్కడ చెప్పుకుని మా ఆవిడ తేలిగ్గా వచ్చేది. బాధ నాది, తేలికయ్యేది ఆవిడ. నేను ఒక్కసారైనా ఆ కుర్చీలో కూర్చుని ఉంటే ఈవేళ ఆవిడ గుడ్డ కత్తిరిస్తూ ఉండేది."

"ఈ మూడు రోజులూ ఆ ఇంట్లోనే ఉన్నారు. మీ అక్క ఎదురుగానే."

"అక్క వండి పెట్టింది, నేను తిన్నాను." అతని గొంతు చాలా మామూలుగా ఉంది. "ముద్ద ముద్దకీ చూసుకునేవాణ్ణి, చేదుగా ఉందా అని. ఇందులో కూడా కలిపి ఉంటే బాగుండు అనుకుంటూ తిన్నాను. లేదు. ఉప్పూ కారం అన్నీ సరిగ్గా ఉన్నాయి."

మెరుపు కిటికీ వదిలి వచ్చాడు. ఏదో అంటాడనుకున్నాను. నీళ్ళ సీసా మూత తీసి అతని చేతికిచ్చి, నన్ను బయటికి పిలిచాడు.

"ఒంటిగంటకి ఫైలు పంపుతానన్నాను. పంపుతా. ఆత్మహత్య కొట్టేసి హత్య అని రాస్తా. ముద్దాయి ఒప్పుకోలు, రోలు, టోకెన్ అన్నీ జత చేస్తా." జేబులోంచి పెన్ను తీశాడు. "కింద నా సంతకమే ఉంటుంది. పక్కన నీ పేరూ వేస్తాలే."

వేస్తాడట! మూడు రోజులకి ఒక్క రోజు మించకుండా మెరుపు మరో కేసు గెలిచాడు. నా కడుపులో మంట మళ్ళీ రాజుకుంది. కానీ అది చూసుకునే తీరిక లేదు.

గదిలో మనిషి సీసా పట్టుకుని అలాగే ఉన్నాడు, తాగడం మరిచిపోయి. పెద్దక్క పంపిన మెసేజ్ చూశాను. ఆడపడుచుని జీపెక్కించింది. నేను నంబరు కలిపాను. రెండు మోతలకే డాక్టరమ్మ ఎత్తింది.

"డాక్టర్, ఒక రోగిని తీసుకొస్తున్నాను. కొత్త చీటీ రాయాలి. మగమనిషి, నలభై ఒక్కేళ్ళు. ఇప్పుడే, ఈ గంటలోనే చూడాలి. ఒంటరిగా వదలకూడదు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"తీసుకురండమ్మా," అంది ఆవిడ. "అతను నాకు నాలుగేళ్ళుగా తెలుసు. మొహం ఒక్కటే చూడలేదు."